వీడ్కోలు అయ్యాక కూడా ఊళ్ళోనే

మేము హైదరాబాద్ వెళ్ళిపోవాలని నిర్ణయించింది అమ్మ. ఆ సంగతి నర్సీపట్నమంతా చాటింది నాన్న. వెళ్ళనివ్వకుండా ఆపింది నాన్నమ్మ. నేను అప్పుడే ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను కాబట్టి మొత్తం తమాషా మొదటి వరసలో కూర్చుని చూశాను.

అమ్మ ఒక లేడీ డాక్టరు గారి నర్సింగ్ హోంలో నర్సు. ఏజెన్సీ కొండల మీంచి జీపుల్లో దిగే కాన్పు కేసులన్నీ అమ్మ చేతుల మీదుగానే వెళ్ళేవి. ఆ డాక్టరు గారు హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రి పెట్టుకుంటూ, "నువ్వు రాకపోతే నాకు కుడిచెయ్యి లేనట్టే" అన్నారట. అమ్మ ఈ మాట మాకు చెప్పినప్పుడు పప్పుకి పోపు పెడుతోంది. పోపు చిటపట ఆగేసరికి నిర్ణయం కూడా అయిపోయింది.

నాన్నకి మెయిన్ రోడ్డులో మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైల మొదట్లో అక్కడ మిషను దొరకడమే కష్టం. సగంమంది టైపు నేర్చుకోవడానికి, మిగతా సగం పక్క మిషను మీద కూర్చునేవాళ్ళ కోసం వచ్చేవారు. నాన్న మూలంగా ఊళ్ళో ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో తెలీదు గానీ పెళ్ళిళ్ళు మాత్రం బాగానే అయ్యాయి. తర్వాత మా మేడ కిందే ఏసీ పెట్టి కంప్యూటర్ సెంటర్ తెరిచారు. చివరికి నాన్న దగ్గర మిగిలిన విద్యార్థి ఒక్కడే. రెవెన్యూ ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి. ఇంట్లో భార్యతో పడలేక సాయంత్రాలు వచ్చి, రోజూ అదే వాక్యం టైపు కొట్టుకుని, మనసు కుదుటపడ్డాక వెళ్ళిపోయేవాడు. "అతన్ని ఎక్కడ వదిలెయ్యను?" అన్నది హైదరాబాద్ ప్రయాణానికి నాన్న చెప్పిన ఒకే ఒక్క అభ్యంతరం. అమ్మ దాన్ని పట్టించుకోలేదు.

ఇల్లు చూడడానికి నాన్న ఒక్కడే హైదరాబాద్ వెళ్ళాడు. మొదటింటి ఓనరు తలుపు సగం తెరిచి, "మీరేవిట్లండీ?" అన్నాడట. నాన్న వినయంగా, "టైపూ, షార్ట్‌హ్యాండండి" అన్నాడు. ఆయన అడిగింది కులమని మెట్లు దిగాక గానీ వెలగలేదు. రెండో ఇంటి ఓనరు ఆ తంటా లేకుండా నాన్న జేబులోంచి తొంగిచూస్తున్న కొత్త నిబంధన బైబిలు పుస్తకాన్ని చూసే తలుపు వేసేశాడు. మూడో ఇల్లు ఒక ముస్లిం పెద్దావిడది. ఆవిడ ఒకటే అడిగింది: నీళ్ళు పొదుపుగా వాడతారా అని. నాన్న వాడతామన్నాడు. మా నాన్నమ్మ స్నానానికి ఎన్ని బకెట్లు పడతాయో ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

తిరిగొచ్చాక నాన్న సామాను సర్దడానికి పూనుకున్నాడు. ప్రయాణానికి ఇంకా ఎంతో వ్యవధి ఉండగానే గిన్నెలన్నీ గోనెసంచుల్లోకి ఎక్కాయి. సంచుల మూతులు కొబ్బరితాడుతో బిగించాడు. ముడి ఎంత గట్టిగా వేస్తే బుర్ర అంత పదునుగా ఉన్నట్టు ఆయన లెక్క. ఏ వస్తువు అడిగినా, "అది హైదరాబాద్ వెళ్ళిపోయింది" అనేవాడు. అది మా వసారాలోనే ఉండేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం మాకు వీడ్కోలు కూడిక పెట్టింది. మా తాతల కాలంలో మిషనరీ దొరలు కట్టించిన చర్చి అది. ఎండాకాలం లోపల కూర్చుంటే నరకం గురించి వేరే చెప్పనక్కర్లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, దేవుడు పిలిస్తే ఊరు విడిచి వెళ్ళిపోయిన పూర్వకాలపు భక్తులందరి గురించీ చెప్పారు. విన్నవాళ్ళకి మా అమ్మని పిలిచింది డాక్టరు గారు కాదనీ సాక్షాత్తూ దేవుడేననీ అనిపించి ఉంటుంది. స్త్రీల సమాజం వాళ్ళు స్టీలు డిన్నర్ సెట్టు ఇచ్చారు. మిగతావాళ్ళంతా, ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకోకుండా, గోడగడియారాలే తెచ్చారు. కొందరు ఏడ్చారు. నాన్న అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు.

చివర్లో అయ్యగారు నాన్నమ్మని చూసి, "పెద్దమ్మగారూ, తమరు కూడా రెండు మాటలు సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు.

నాన్నమ్మ లేచి కొంగు నిండుగా కప్పుకుంది. "దేవుడు నాకు అన్నీ మేలే సేసినాడు. కొడుకునిచ్చాడు, మంచి కోడల్నిచ్చాడు. ఆలు అయిద్రాబాద్ ఎలిపోతన్నారు. ఆల్ని సల్లగా సూడమని అందరూ పార్దన సెయ్యండి. నాను ఎల్లడం లేదు."

చెప్పి కూర్చుంది. హార్మోనియం వాయించే ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు. సాక్ష్యం అయిపోయిందనుకుని ప్రయాణపు కీర్తన మొదలుపెట్టాడు. వేరే దారిలేక అందరూ లేచి పాడారు.

ఇంటికి రాగానే నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "ఏటమ్మా ఇది? నలుగుర్లో పరువు తీసీసినావు. ఎందుకు రావు?"

"మీ నాన్న పక్కన జాగా ఉంది కదా, అందుకు."

సంగతి సమాధుల తోటది. ఊరి చివర, బలిఘట్టం వెళ్ళే దారిలో మా సంఘానికి సమాధుల తోట ఉంది. అందులో జీడిమామిడి చెట్టు కింద మా తాత సమాధి. దాని పక్కన ఒక మనిషికి ధారాళంగా సరిపోయే ఖాళీ. ఆ ఖాళీ తనదని నాన్నమ్మ ఏనాడో ఖాయం చేసుకుంది. నేను చిన్నప్పుడు అక్కడ ఆడుకుంటుంటే, "నా మీద తొక్కకే గుంటా" అని కసిరేది.

"అమ్మా, అది నువ్వు పోయాకా కదా సూసుకోవల్సింది," అన్నాడు నాన్న.

"పోయాకా నాను సూసుకోగల్నేటిరా? ఇప్పుడే సూసుకోవాల. నానిటు రైలెక్కితే అటు గాజులమామ్మ వచ్చీసి అందులో తొంగుంటాది."

గాజులమామ్మ అంటే మా సంఘంలోనే ఇంకో ముసలమ్మ. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి గాజులు అమ్మేది. నాన్నమ్మకీ ఆవిడకీ ఎప్పట్నుంచో పడదు. ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు, అయినా నిష్ఠగా కొనసాగించేవారు.

"ఆవిడ భర్త సమాధి ఉంది కదండీ అత్తా, అటు గోడవార. మీ జాగా ఆవిడకెందుకు?" అంది అమ్మ.

"అదే మరి! సొంత మొగుడ్నొగ్గీసి నా మొగుడి పక్కన తొంగోడానికి సూస్తంది. ఆదివారం ఆదివారం అక్కడికెల్లి అడుగులేసి కొలుస్తంది. నా కళ్ళారా సూసినాను." నాన్నమ్మ గొంతు తగ్గించింది. "రేపు ప్రభువొచ్చి అందర్నీ లేపుతాడు. మీ నాన్న కళ్ళు తెరిసి పక్కకి సూసేసరికి అది కనపడాలేటి? దడుసుకుని మల్లీ సచ్చిపోడా?"

నేను నవ్వు ఆపుకోలేక వసారాలోకి పారిపోయాను. అమ్మ మాత్రం రోగి మాటలు వింటున్నట్టు నిదానంగా వింది.

"అత్తా, మీకేదైనా అయితే మిమ్మల్ని ఇక్కడికే తీసుకొస్తాను. నా మాట నమ్మండి."

"ఎలగ తెస్తావు? రైల్లోనా? నాకు టిక్కెట్టు కొంటారా, సామాన్లలో ఏసీస్తారా?"

"అంబులెన్సులో తెస్తాం."

నాన్నమ్మ ఆలోచించింది. "ఏసీదేనా?"

"ఏసీదే."

"ఏసీదైనా, ఒచ్చేసరికి జాగా ఉండాల కదా," అని చాప పరుచుకుని పడుకుంది.

సామానుకి మాట్లాడిన లారీ ఆగిపోయింది. రైలు టిక్కెట్లు రద్దయ్యాయి. హైదరాబాద్ ఓనరమ్మకి నాన్న ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, సమాధిని కబర్ అంటారని మాత్రం తెలిసిన వచ్చీరాని హిందీలో, "మా అమ్మకి కబర్ దొరకలేదండి, దొరగ్గానే వచ్చేస్తాం" అని చెప్పాడు. నాన్నమ్మ చనిపోయిందనుకుని ఆవిడ అటువైపు ఏడుపు అందుకుంది. ఆమెకి సర్దిచెప్పడానికి నాన్న హిందీ చాలలేదు. అలాగే వదిలేసి వచ్చేశాడు.

వీడ్కోలు తీసుకున్నాక ఊళ్ళో ఉండడమంత నామోషీ ఇంకోటి లేదు. కూరగాయలకి వెళ్తే, "ఇంకా ఎల్లలేదేటి?" ఆటో ఎక్కితే, "ఎల్లి వచ్చీసారేటి?" గడియారం ఇచ్చిన ఒకాయన దారిలో నాన్నని ఆపి, టైము ఎంతయిందని మరీమరీ అడిగాడు. ఆదివారాలు అయ్యగారు, "ప్రయాణమై ఉన్న కుటుంబం కోసం" అని ప్రార్థన చేసేవారు. రెండు మూడు వారాలకి అది "ప్రయాణం కావలసిన కుటుంబం" అయింది. ఆ తర్వాత మమ్మల్ని మొత్తానికే వదిలేశారు. మేము చర్చికి ఆలస్యంగా వెళ్ళి చివరి బల్ల మీద కూర్చుని, ఆశీర్వాదం పూర్తవకుండానే చెప్పులు వెతుక్కునేవాళ్ళం.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. కళాయి కావాలంటే ఒక సంచి విప్పాలి. నాన్న ముడి విప్పడానికి పళ్ళు కావాలి. పని అవ్వగానే ఆయన మళ్ళీ కట్టేసేవాడు. విసిగిపోయిన అమ్మ ఒకరోజు కూరగాయలు కోసే కత్తి తీసుకుని సంచుల మీద పడింది. తాళ్ళన్నీ తెగాయి. మేము మళ్ళీ నర్సీపట్నం వాసులమయ్యాం. అటు డాక్టరు గారు ఫోన్ల మీద ఫోన్లు.

నాన్న వెళ్ళి అయ్యగారి కాళ్ళావేళ్ళా పడి సంఘ పెద్దల్ని కూర్చోబెట్టించాడు. నాన్నమ్మని కూడా పిలిచారు. టీలు వచ్చాయి. అయ్యగారు ఎంతో మృదువుగా, "అమ్మగారూ, సమాధులకి రిజర్వేషన్ పద్ధతి లేదమ్మా. ఎవరు ముందు నిద్రిస్తే వారికి ముందు. ఎవరికీ ముందుగా రాసివ్వం" అన్నారు.

"అంటే జాగా కావాలంటే బేగి సచ్చిపొమ్మంటారా, అయ్యగారూ?"

అయ్యగారి టీ సాసరులోకి ఒలికింది. ఆ తర్వాత పెద్దలంతా చర్చి పైకప్పు రిపేరు గురించి మాట్లాడుకున్నారు.

సంఘం మీద ఆశ వదులుకుని నాన్నమ్మ సొంతంగా రంగంలోకి దిగింది. మా బాత్‌రూం కట్టిన తాపీమేస్త్రీని పిలిపించింది. ఒక పనిదినం పొద్దున్న, నన్ను గొడుగు పట్టుకోమని, అతన్ని వెంటబెట్టుకుని సమాధుల తోటకి బయల్దేరింది. తాత పక్క ఖాళీ చుట్టూ ఇటుకలతో చిన్న గట్టు కట్టించడం ఆవిడ పథకం. మేస్త్రీ టేపు తీసి కొలతలు అడిగాడు. నాన్నమ్మ నేలమీద వెల్లకిలా పడుకుని, "ఇదిగో, ఇలగ. పక్కకి తిరిగి పడుకునే అలవాటుంది, కొంచెం వెడల్పు ఒగ్గు" అంది.

మేస్త్రీ ఒకవైపు ఇటుకలు పేర్చేశాడో లేదో గాజులమామ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చేసింది. ఎవరు చేరవేశారో తెలీదు. నర్సీపట్నంలో ఎవరూ ప్రత్యేకంగా చేరవెయ్యనక్కర్లేదు.

"ఎవరి జాగాలో ఎవరు కడతన్నారు?" అంటూ వచ్చి, లేని గట్టు దాటి, ఆ ఖాళీ మధ్యలో బైఠాయించింది.

"లే," అంది నాన్నమ్మ.

"లెగను."

"నా పెనిమిటి పక్కనే నా జాగా."

"నీ పెనిమిటి నాకెందుకే! ఆ మీసాలూ ఆయనా!"

అది విని నాన్నమ్మ కూడా ధడాలున ఆవిడ పక్కనే కూర్చుంది. మేస్త్రీ తాపీ కింద పెట్టి, "పాప గారూ, నాను టీ తాగొస్తాను" అని నాతో చెప్పి మాయమయ్యాడు. నేను గొడుగు ఎవరి మీద పట్టాలో తెలీక మధ్యలో పట్టుకుని నిలబడ్డాను. అంతలో తోటకి నీళ్ళు పోసే ఆయన నాన్నకి కబురు చెప్పడానికి సైకిలెక్కాడు.

ఇద్దరూ చెరోవైపు తిరిగి కూర్చున్నారు. తర్వాత నాన్నమ్మే అడిగింది.

"నా పెనిమిటి నీకొద్దు కదా. మరి ఈ జాగా మీదే ఎందుకు పడ్డావు?"

గాజులమామ్మ గోడవైపు గడ్డంతో చూపించింది. "ఆయన అక్కడున్నాడు."

"ఉంటే?"

"ఉంటే ఏటి? బతికున్నన్నాల్లూ తాగొచ్చి తన్నినాడు. నా గాజుల పెట్టి ఎన్నిసార్లు నేలకేసి కొట్టీసినాడో నీకు తెల్దా? మల్లీ ఆడి పక్కనే తొంగోమంటాడు నా కొడుకు. నానొప్పను. ఈ తోటలో ఆడికి అన్నిటికన్నా దూరం ఏదని కొలిసినాను. ఇదే. మీదకి నీడ కూడా ఉన్నాది."

నాన్నమ్మ గోడవైపు చూసింది. మా తాత సమాధి వైపు చూసింది. తర్వాత కాళ్ళు చాపుకుని, చేత్తో నేల మీద కొలవడం మొదలుపెట్టింది.

"నాను ఈ పక్కకి ఒత్తిగిల్లితే, నాకివతల ఇంకో మనిసికి జాగా ఉన్నాదే. చెట్టు నీడ నీకే ఎక్కువ పడతాది."

"నీ పక్కనా?"

"మరెవరి పక్కన? మద్దెలో నానుంటాను కాబట్టి ఆయన మీసాలు నీకు కనపడవులే."

గాజులమామ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రొంటిన దోపుకున్న చుట్ట తీసి సగానికి తుంపి నాన్నమ్మకి ఇచ్చింది. మా నాన్నమ్మ చుట్ట తాగుతుందని నాకు అప్పుడే తెలిసింది. అదీ అడ్డపొగ. మా వైపు ముసలమ్మలు చుట్ట అంటించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఇద్దరూ అంటించుకుని హాయిగా చెట్టుకి జారబడ్డారు.

సరిగ్గా అప్పుడే నాన్నా, అయ్యగారూ, సంఘ పెద్ద అయిన గాజులమామ్మ కొడుకూ రొప్పుకుంటూ వచ్చారు. అయ్యగారు పొగాకు మీద ఎన్నో ప్రసంగాలు చేసిన మనిషి. ముసలమ్మలిద్దరూ ఆయన్ని చూడగానే చుట్టలు పూర్తిగా లోపలికి లాక్కుని మూతులు బిగించేశారు.

"అమ్మా, మీ ఇద్దరూ ఇలా దేవుని తోటలో పోట్లాడుకోవడం బాగుందా?" అన్నారు అయ్యగారు.

ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

"పోనీ, సమాధానపడ్డారా?"

నిలువుగా ఊపారు. నాన్నమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. గాజులమామ్మ ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. అయ్యగారు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చారు. ఆ కన్నీళ్ళు చూసి ఆయన గుండె కరిగిపోయింది.

మాట్లాడలేని వాళ్ళ తరఫున నేనే చెట్టు కింద ఒప్పందం వివరించాను. గాజులమామ్మ కొడుకు ఏదో అనబోయాడు గానీ వాళ్ళమ్మ చూసిన చూపుకి ఆగిపోయాడు. అయ్యగారు చాలాసేపు జీడిమామిడి కొమ్మల్లోకి చూశారు. "ఇక్కడ ఇటుకలు ఎవరు పెట్టారో నాకు తెలీదు. నేను చూడలేదు," అని వెనక్కి తిరిగారు. ఆయన మలుపు తిరిగేవరకూ ఆగి ఇద్దరూ కలిసి ఉమ్మేశారు. నాన్నమ్మ నాలుక కాలి, రెండ్రోజులు మజ్జిగన్నమే తింది.

గట్టు ఇద్దరికీ కలిపి కట్టించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి గాజులమామ్మ ముందు వెళ్ళింది. నాన్నమ్మ హైదరాబాద్ నుంచి వచ్చి, తవ్వేవాళ్ళ నెత్తిన నిలబడి, తన వైపు జరగకుండా చూసుకుంది. తర్వాత ఆవిడా వెళ్ళింది, అమ్మ మాట ఇచ్చినట్టే ఏసీ అంబులెన్సులో.

ఇక మా ప్రయాణం. రెండోసారి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోదామంది అమ్మ. హైదరాబాద్ చింతపండు తీసుకెళ్ళే లారీలో సగం జాగా దొరికింది. టైపు మిషన్లని నాన్న తునిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి పంపించేశాడు. ఒక్కటి మాత్రం ఆ రెవెన్యూ ఆయనకి ఇస్తే, ఆయన దాన్ని రిక్షాలో పెట్టుకుని, చంటిపిల్లని తీసుకెళ్తున్నట్టు చెయ్యి వేసి పట్టుకుని వెళ్ళాడు.

తెల్లారుతూనే యలమంచిలి బస్సెక్కడానికి ఆర్టీసీ కాంప్లెక్సుకి చేరాం. ఎవరికీ తెలీదనుకున్నాం. టీ కొట్టు ఆయన, "ఈపాలి నిజంగానేనేటి?" అన్నాడు. గాజులమామ్మ అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. నాన్నమ్మ చేతికి కాగితం పొట్లం ఒకటి ఇచ్చి, "అక్కడ ఇలాటియి దొరకవంట," అంది. అందులో ఏముందో నాన్న అడగలేదు. అమ్మకి వాసన తెలిసిపోయింది గానీ బస్సు వచ్చే వైపు చూసింది.

యలమంచిలిలో రైలెక్కేదాకా నాన్నమ్మ ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నాన్న ఆవిడ కొంగు పట్టుకునే ఉన్నాడు. రైలు కదిలాక నాన్నమ్మే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. కిటికీకి తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీడ్కోలు కూడికలో ఏడ్చిన ఏడుపు కాదది. నాకు ఏం చెయ్యాలో తోచక వేరుశనక్కాయలు కొన్నాను.

హైదరాబాద్‌లో ఓనరమ్మ నాన్నమ్మని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. చచ్చిపోయిందనుకుని ఆవిడ నాన్నమ్మ ఆత్మశాంతికి దువా కూడా చేయించిందట. నాన్న హిందీలో ఇంకోసారి ప్రయత్నించబోతే అమ్మ నోరు నొక్కేసింది. ఓనరమ్మ దగ్గరకొచ్చి నాన్నమ్మ చెయ్యి పట్టి చూసుకుని, వెచ్చగా ఉందని నమ్మకం కుదిరాక, లోపలికి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ ఆ మధ్యాహ్నమంతా మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

సామాను మర్నాడు దిగింది. దుప్పట్లు, పుస్తకాలు, గిన్నెలు, గోడగడియారాలు, అన్నీ చింతపండు వాసన. ఆ పూట తెల్లన్నం వండుకుంటే పులిహోర తిన్నట్టే ఉంది. నాన్న పని వెతుక్కోవడానికి కోర్టుల వైపు వెళ్ళాడు. ఒక లాయరు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఆయన వేళ్ళ వేగానికి వాళ్ళు బిత్తరపోయి వెంటనే పెట్టుకున్నారు. కీబోర్డు మాత్రం మూడు నెలలకొకటి మార్చాల్సి వచ్చేదట, అంత గట్టిగా కొట్టేవాడు.

అమ్మ డ్యూటీకి వెళ్ళిన మొదటిరోజు సాయంత్రం అందరం గుమ్మంలోనే కాచుకుని ఉన్నాం. పెద్ద ఆసుపత్రి, లిఫ్టులు, అద్దాల తలుపులు, ఏమేమి చెబుతుందోనని. అమ్మ చెప్పులు విప్పి, జడ ముడేసుకుంటూ, "ఇక్కడా పిల్లలు అలాగే పుడతన్నారు" అంది. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు లేవు. నాన్నమ్మ స్నానం చేసి వచ్చి అప్పటికింకా ఎంతోసేపు కాలేదు.